లవం, హారం: శరణార్థి శిబిరాలలో సహాయానికి లెక్క కట్టిన చరిత్ర

1971 జూన్ నెలాఖరున, తూర్పు పాకిస్తాన్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న బనగావ్ పట్టణపు ఆసుపత్రిలో రెండు గదుల నిండా కలరా రోగులు ఉన్నారు. మంచాలు చాలక ఎందరో నేల మీదే, తమ వాంతులలో, విరేచనాలలో పడి ఉన్నారు. వారికి సెలైన్ ఎక్కించాలంటే వైద్యుడు ఆ మురికిలోనే మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చేది. ఎక్కించడానికి సరిపడా సెలైన్ లేదు. ఎక్కించగల శిక్షణ పొందినవారూ తగినంతమంది లేరు. కలకత్తాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్య పరిశోధన, శిక్షణ కేంద్రం నుంచి వెళ్ళిన వైద్యుడు దిలీప్ మహలనబీస్‌కు ఎదురైన పరిస్థితి ఇది.

ఆ ఏడాది మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మొదలుపెట్టిన హింసాకాండ తర్వాత నెలల వ్యవధిలో దాదాపు కోటి మంది సరిహద్దు దాటి భారతదేశానికి వచ్చారు. వారిలో అత్యధికులు పశ్చిమ బెంగాలులోనే తలదాచుకున్నారు. పాఠశాలలు, టార్పాలిన్ గుడారాలు, కలకత్తా శివారులో వేయడానికి సిద్ధంగా ఉన్న మురుగు గొట్టాలు సైతం నివాసాలయ్యాయి. వర్షాకాలం వచ్చింది. తాగే నీరు, మలమూత్రాలు కలిసిపోయిన చోట కలరా రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

బనగావ్‌లో ఆ తర్వాత జరిగినది వైద్యచరిత్రలో ప్రసిద్ధమైన ఘట్టం. అయితే ఆ ఘట్టానికి అంతగా ప్రచారం పొందని మరొక పార్శ్వం ఉంది. శిబిరంలో అందించిన సహాయం నిజంగా ప్రాణాలు కాపాడిందా అన్న ప్రశ్నకు అంకెలతో సమాధానం చెప్పిన తొలి సందర్భాలలో అది ఒకటి. ఆ తర్వాతి అర్ధ శతాబ్దంలో శరణార్థి శిబిరాలలో వైద్య, పారిశుద్ధ్య సహాయాన్ని మూల్యాంకనం చేసే పద్ధతులు ఎన్నో వచ్చాయి. వాటి చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం పదేపదే కనిపిస్తుంది. ఇచ్చిన వస్తువులను లెక్కపెట్టడం సులభం. కాపాడిన ప్రాణాలను లెక్కపెట్టడం కష్టం. మొదటి లెక్కను రెండవదానికి బదులుగా చూపించినప్పుడల్లా తప్పులు కప్పడిపోయాయి.

ఒక డ్రమ్ము, ఒక కుళాయి

కలరా మనిషిని చంపేది శరీరంలోని నీటినీ లవణాలనూ హరించడం ద్వారా. పోయిన నీటిని పోయినంత వేగంగా తిరిగి అందిస్తే రోగి బతుకుతాడు. కలరా సోకినా పేగు గ్లూకోజుతో కలిసిన సోడియాన్ని పీల్చుకోగలుగుతుందనీ, దాని వెంట నీరు కూడా లోపలికి వెళుతుందనీ 1960లలో స్పష్టమైంది. ఢాకాలో పనిచేస్తున్న డేవిడ్ నాలిన్, రిచర్డ్ కాష్ అనే యువ వైద్యులు 1968లో ప్రచురించిన పరిశోధనలో, నోటి ద్వారా ఇచ్చే ద్రావణంతో సెలైన్ అవసరం ఎంతో తగ్గుతుందని చూపారు. అయితే ఇవన్నీ నిపుణుల పర్యవేక్షణలో ఆసుపత్రులలో జరిగిన ప్రయోగాలు. గుడారంలో, శిక్షణ లేని తల్లి చేతుల మీదుగా ఇదే ఫలితం వస్తుందని వైద్యలోకం నమ్మలేదు.

మహలనబీస్‌కు మరో దారి లేదు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలకత్తా కేంద్రంలోని గ్రంథాలయపు గదిలో తూచి, ప్లాస్టిక్ సంచులలో పోసి, అంచులను వేడి ఇస్త్రీపెట్టెతో అతికించారు. బనగావ్‌లో ఆ పొడిని కుళాయి అమర్చిన డ్రమ్ములలో కలిపి ఉంచారు. రోగుల బంధువులే ముంతలతో, గ్లాసులతో పట్టుకుపోయి తమవారికి తాగించారు. లీటరుకు అయిన ఖర్చు సుమారు 11 పైసలు.

ఆయన బృందం ఎనిమిది వారాలలో 3,700 మందికి పైగా రోగులకు చికిత్స చేసింది. వారిలో మరణించినవారు 3.6 శాతం. అంతకు ముందు అదే ప్రాంతంలో కలరా రోగులలో మరణాలు 30 శాతం దాకా ఉండేవి. 1973లో ‘జాన్స్ హాప్‌కిన్స్ మెడికల్ జర్నల్’లో అచ్చయిన వ్యాసంలో ఈ వివరాలున్నాయి.

ఇది కట్టుదిట్టమైన శాస్త్రీయ ప్రయోగం కాదు. కొందరికి ద్రావణం ఇచ్చి, మరికొందరికి ఇవ్వకుండా పోల్చడం ఆ పరిస్థితులలో నైతికంగా సాధ్యపడదు. ముందు వచ్చిన రోగులూ, తర్వాత వచ్చిన రోగులూ ఒకే తీవ్రతతో ఉన్నారని చెప్పడానికి ఆధారం లేదు. కాని ఆ లెక్కలో మూడు అంశాలు ఉన్నాయి: ఎందరు రోగులు వచ్చారు, ఎందరు చనిపోయారు, ఆ చికిత్స లేనప్పుడు ఎందరు చనిపోయేవారు. బడిలో నేర్చుకున్న భిన్నాల భాషలో చెబితే, లవం ఉంది, హారం ఉంది, పోల్చడానికి మరో భిన్నం ఉంది. ఎన్ని సంచులు పంచామన్నది ఆ వ్యాసానికి ముఖ్యాంశం కాలేదు.

ఈ అంకెలే ఆ పద్ధతికి ప్రపంచవ్యాప్త ఆమోదాన్ని తెచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థలో కలరా విభాగాన్ని చూస్తున్న ధీమన్ బారువా స్వయంగా బనగావ్ వచ్చి చూసి, ఆ తర్వాత దాని తరపున గట్టిగా వాదించారు. 1978లో ఆ సంస్థ అతిసార వ్యాధుల నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. గ్లూకోజు, సోడియం కలిసి పేగులోకి ప్రవేశిస్తాయన్న ఆవిష్కరణ ఆ శతాబ్దపు వైద్య ప్రగతిలో అత్యంత ముఖ్యమైనది కావచ్చునని అదే ఏడాది ‘లాన్సెట్’ సంపాదకీయం అభిప్రాయపడింది. 2022లో మరణించిన మహలనబీస్‌కు మరుసటి ఏడాది భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

పదివేలమందికి రోజుకు ఒకరు

బనగావ్ లెక్క ఆసుపత్రికి వచ్చినవారి లెక్క. శిబిరంలో చనిపోయేవారిలో చాలామంది ఆసుపత్రి దాకా రారు. అందువల్ల శిబిరం మొత్తాన్ని కొలిచే సాధనం అవసరమైంది. 1970ల చివర, 1980లలో థాయ్‌లాండ్‌లోని కంబోడియన్ శిబిరాలు, సోమాలియా, సూడాన్‌లలోని ఇథియోపియన్ శిబిరాలు ఆ సాధనం రూపొందిన చోట్లు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రానికి చెందిన అంటువ్యాధి నిపుణులు మైకేల్ టూల్, రోనాల్డ్ వాల్డ్‌మన్ ఈ మూడు దేశాలలోని శరణార్థుల మరణాలను విశ్లేషించి 1988లో వ్యాసం ప్రచురించారు.

వారు ప్రచారంలోకి తెచ్చిన కొలమానం చాలా సరళమైనది: పదివేల మంది జనాభాలో రోజుకు ఎందరు మరణిస్తున్నారు? పేద దేశాలలో మామూలు కాలంలో ఈ సంఖ్య సుమారు సగం ఉంటుంది. అంటే ఇరవై వేల మందిలో రోజుకు ఒక మరణం. పదివేలకు ఒకటి దాటితే అత్యవసర పరిస్థితి అని భావించాలి. ఈ సంఖ్యను కనుక్కోవడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. శ్మశానం దగ్గర ఇరవై నాలుగు గంటలూ ఒక మనిషిని కాపలా ఉంచి, తవ్విన గోతులను లెక్కపెట్టించవచ్చు. కప్పడానికి ఇచ్చే గుడ్డను ఉచితంగా పంచితే మరణాలు తమంత తామే నమోదవుతాయి. ఎంచుకున్న గుడారాలకు వెళ్ళి, గత నెలలో ఇంట్లో ఎవరైనా పోయారా అని అడగవచ్చు.

అసలు కష్టం హారంలో ఉంది. శిబిరంలో ఎంతమంది ఉన్నారు? రేషన్ కార్డులు జనాభాను ఎక్కువ చేసి చూపుతాయి. మరణాన్ని దాచిపెడితే చనిపోయినవారి రేషన్ కుటుంబానికి అందుతుంది. శిబిరపు పెద్దలకు ఎక్కువమందిని చూపడంలో లాభం ఉంటుంది. హారం పెరిగితే మరణాల రేటు తగ్గినట్టు కనిపిస్తుంది. సహాయ సంస్థ పనితీరు కూడా మెరుగుపడినట్టు కనిపిస్తుంది. ఈ చిన్న గణితం ఎంత ప్రమాదకరమైనదో 1994లో రుజువైంది.

గోమా, 1994 జూలై

1994 ఏప్రిల్ నుంచి జూలై వరకు రువాండాలో జరిగిన జాతి నిర్మూలనలో సుమారు ఎనిమిది లక్షల మంది, ప్రధానంగా తుత్సీలు, హతులయ్యారు. ఆ హత్యాకాండను నడిపిన ప్రభుత్వం ఓడిపోగానే, దాని సైనికులు, హంతక ముఠాలు, వారితో పాటు భయంతోనో, బలవంతం మీదనో కదిలిన లక్షలాది సామాన్య హుతూలు సరిహద్దు దాటారు. జూలై 14 నుంచి నాలుగైదు రోజులలోనే అయిదు నుంచి ఎనిమిది లక్షల మంది జైర్ దేశంలోని గోమా పట్టణానికి చేరుకున్నారు. ఎవరూ ఊహించనంత జనం.

ఆ నేల అగ్నిపర్వతపు రాయి. మరుగుదొడ్డికి గొయ్యి తవ్వలేరు, శవానికీ తవ్వలేరు. కిబుంబా శిబిరంలో నీటి వనరు లేదు, ట్యాంకర్లలో తేవాలి. మొదటి వారంలో శుద్ధి చేసిన నీరు మనిషికి రోజుకు సగటున 200 మిల్లీలీటర్లు మాత్రమే అందింది. అంటే ఒక టీ గ్లాసు. తతిమ్మా అవసరానికి జనం కివూ సరస్సు నీటినే తాగారు. జూలై 20న తొలి కలరా కేసు నిర్ధారణ అయింది. ఆ వెనుకే రక్త విరేచనాల మహమ్మారి వచ్చింది.

గోమాలో పనిచేసిన అంటువ్యాధి నిపుణులు 1995లో ‘లాన్సెట్’లో వెల్లడించిన వివరాల ప్రకారం, మొదటి నెలలో దాదాపు 50 వేల మంది మరణించారు. వారిలో అత్యధికులను బలిగొన్నవి విరేచనాల వ్యాధులే. మరణాల రేటు పదివేలకు రోజుకు 20 నుంచి 35 వరకు ఉంది. అత్యవసర పరిస్థితికి గీసిన గీతకు ఇది ఇరవై నుంచి ముప్పై అయిదు రెట్లు. ఇక్కడ లవం ఎంతో కొంత కచ్చితంగా దొరికింది. గోతులు తవ్వలేని నేల గనుక శవాలను రోడ్డు పక్కన ఉంచేవారు; లారీలలో ఎత్తుకెళ్ళేవారు లెక్కపెట్టారు. హారం మాత్రం అయిదు లక్షలకూ ఎనిమిది లక్షలకూ మధ్య ఊగిసలాడింది. ఆ ఊగిసలాట వల్లే మరణాల రేటును కూడా ఒకే అంకెగా చెప్పడం సాధ్యం కాలేదు.

రెండవ నెలకు మరణాల రేటు పదివేలకు 5 నుంచి 8కి దిగింది. సమన్వయంతో సాగిన సహాయ కార్యక్రమానికీ, ఈ తగ్గుదలకూ సంబంధం ఉన్నదని ఆ వ్యాసకర్తలు రాశారు. సహాయమే కారణమని వారు రాయలేదు. ఆ జాగ్రత్తకు తగిన కారణం ఉంది. కలరా ఒక జనసమూహాన్ని చుట్టుముట్టి, సోకవలసినవారందరికీ సోకిన తర్వాత తనంత తాను తగ్గుముఖం పడుతుంది. గోమాలో ఆ వ్యాధి విజృంభణ మూడు వారాలకు మించి సాగలేదు. నీటి సరఫరా కాస్త గాడిలో పడేసరికి వ్యాధి ఉద్ధృతి చాలావరకు ముగిసిపోయింది. రేఖాపటంలో ఒక గీత పైకి, మరొక గీత కిందికి పోతున్నట్టు చూపి, నీరు పెరిగింది గనుక మరణాలు తగ్గాయని నివేదిక రాయడం చాలా సులభం. ఆ నీరు పది రోజుల ముందు వచ్చి ఉంటే ఎందరు బతికేవారన్నదే అడగవలసిన ప్రశ్న.

ఢాకా నుంచి వెళ్ళిన వైద్యులు

గోమాకు వెళ్ళిన బృందాలలో ఒకటి ఢాకాలోని అంతర్జాతీయ అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. బనగావ్ గుడారాలకు శరణార్థులను పంపిన దేశమే ఇరవై మూడేళ్ళ తర్వాత మరో ఖండపు శరణార్థులకు కలరా నిపుణులను పంపింది. ఎ.కె. సిద్దిఖీ నాయకత్వంలో ఆ బృందం చికిత్సతో పాటు మరొక పని చేసింది. చికిత్సా కేంద్రాలలో చేరిన రోగులు కూడా ఎందుకు చనిపోతున్నారన్నది పరిశీలించింది.

1995లో ‘లాన్సెట్’లోనే వెలువడిన వారి సమాధానం సహాయ సంస్థలకు మింగుడుపడనిది. కోల్పోయిన ద్రవాన్ని నెమ్మదిగా తిరిగి ఇస్తున్నారు. కలరాలో గంటలే ప్రాణాలను నిర్ణయిస్తాయి. నోటి ద్వారా ఇచ్చే ద్రావణాన్ని తగినంతగా వాడటం లేదు. కలరాకు పనికిరాని రకం సెలైన్ ఎక్కిస్తున్నారు. ఆరోగ్య కార్యకర్తలలో చాలామందికి కలరా అనుభవం లేదు. అక్కడి క్రిమి కొన్ని సాధారణ యాంటీబయాటిక్‌లకు లొంగదని తెలియకుండా వాటిని ఇచ్చారు. ఢాకా బృందం చేతికి వచ్చిన కేంద్రంలో మరణాల నిష్పత్తి గణనీయంగా పడిపోయింది.

ఇందులో ఉన్న విషాదం గమనించదగినది. 1971లో శిబిరంలో పనిచేస్తుందని తేలిన మందు 1994లో గోమాకు చేరింది. సంచులు, సీసాలు, గుడారాలు, వైద్యులు అన్నీ ఉన్నాయి. ఎన్ని పంపారో చెప్పే పట్టికలు సంస్థల దగ్గర ఉన్నాయి. ఆ పట్టికలను బట్టి చూస్తే సహాయం అందినట్టే. చేరిన రోగులలో చనిపోయినవారి శాతం లెక్కవేసినప్పుడే పొరపాటు బయటపడింది. ఆ లెక్క వేసినవారు కలరాను ప్రతి ఏటా చూసే దేశం నుంచి వచ్చినవారు కావడం కాకతాళీయం కాదు. ఎంత శాతం మరణాలు మామూలో, ఎంత శాతం అసమర్థతో వారికి అనుభవం చెప్పింది.

సహాయ రంగం తనను తాను పరీక్షించుకున్న వేళ

1994 చివర డెన్మార్క్ ప్రభుత్వపు చొరవతో, దాత దేశాలు, ఐక్యరాజ్య సమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి రువాండా సహాయం మొత్తాన్ని మూల్యాంకనం చేయడానికి పూనుకున్నాయి. అంతకు ముందు ఆ స్థాయిలో అలాంటి ప్రయత్నం జరగలేదు. నాలుగు అధ్యయనాలు, ఒక సమగ్ర సంపుటం 1996 మార్చిలో వెలువడ్డాయి. వైద్య, పారిశుద్ధ్య సహాయాన్ని పరిశీలించిన మూడవ అధ్యయనానికి లండన్‌లోని ఓవర్సీస్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన జాన్ బోర్టన్ నాయకత్వం వహించారు.

1994 ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు అంతర్జాతీయ సమాజం రువాండా సంక్షోభంపై సుమారు 140 కోట్ల డాలర్లు వెచ్చించిందని ఆ నివేదిక అంచనా వేసింది. ఎన్నో సంస్థలు సాహసంతో, నైపుణ్యంతో పనిచేసి ప్రాణాలు కాపాడాయని మెచ్చుకుంది. అదే సమయంలో, కొన్ని సంస్థలు అనుభవం లేనివారిని పంపాయనీ, ఒప్పుకున్న పనిని పూర్తిచేయలేదనీ, టెలివిజన్ కెమెరాలు ఉన్న చోటికే చేరాయనీ ఎత్తిచూపింది. సంస్థలను జవాబుదారీ చేసే యంత్రాంగం ఏదీ లేదన్నది దాని ముఖ్యమైన విమర్శ. సహాయం పొందేవారికి ఫిర్యాదు చేసుకునే చోటు లేదు. దాత ప్రశ్న అడగగలడు గాని, శిబిరంలో లేడు. శిబిరంలో ఉన్నవాడు ప్రశ్న అడగలేడు.

ఆ నివేదికలోని అతి కఠినమైన నిర్ధారణ వైద్యానికి సంబంధించినది కాదు. జాతి నిర్మూలనను ఆపడానికి రాజకీయ, సైనిక చర్య తీసుకోవలసిన దేశాలు ఆ పని మాని, దాని స్థానంలో మానవతా సహాయాన్ని నిలబెట్టాయని అది తేల్చింది. గోమా శిబిరాలు హంతక ముఠాల అధీనంలో ఉండేవి. ఆహార పంపిణీ వారి చేతుల మీదుగా సాగేది. స్త్రీలు పెద్దదిక్కుగా ఉన్న కుటుంబాలలోని పిల్లలలో పోషకాహార లోపం ఎక్కువగా ఉన్నదని అంటువ్యాధి నిపుణులు కనుక్కోవడం ఈ సందర్భంలోనే అర్థమవుతుంది. సగటున చూస్తే సరిపోయేంత ఆహారం వచ్చినా, అది ఎవరి ఇంటికి చేరిందన్నది వేరే ప్రశ్న. ఈ పరిస్థితిని సహించలేక ‘మెద్‌సాఁ సాఁ ఫ్రాంతియేర్’ ఫ్రెంచి విభాగం 1994 నవంబరులో ఆ శిబిరాల నుంచి తప్పుకుంది.

ప్రమాణాలు వచ్చిన తర్వాత

ఆ మూల్యాంకనం అలమరలో మిగిలిపోలేదు. 1997లో స్వచ్ఛంద సంస్థలు ‘స్ఫియర్’ పేరిట కనీస ప్రమాణాలను రూపొందించే ప్రయత్నం ఆరంభించాయి. అదే ఏడాది మూల్యాంకన అనుభవాలను సంస్థలు పంచుకోవడానికి ‘అల్నాప్’ అనే వేదిక ఏర్పడింది. స్ఫియర్ తొలి పూర్తి ప్రతి 2000లో వెలువడింది. 2018 నాటికి అది నాలుగవ కూర్పుకు చేరింది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, నీటి వనరుకు దూరం 500 మీటర్లకు మించకపోవడం, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, కలరా రోగులలో మరణాలు ఒక శాతం లోపు ఉండటం వంటి కొలతలు అందరికీ ఉమ్మడి భాష అయ్యాయి. ఒక కొత్త ఉద్యోగి శిబిరానికి వెళ్ళి, ఇక్కడ ఏం తక్కువైందో గంటలలో చెప్పగలిగే వీలు కలిగింది.

కాని ప్రమాణం ఏర్పడగానే, దానిని చేరుకోవడమే లక్ష్యంగా మారే ప్రమాదం కూడా ఏర్పడింది. శిబిరాల పరిస్థితులు ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటాయనీ, సాంకేతిక కొలతల జాబితా రాజకీయ ప్రశ్నలను మరుగుపరుస్తుందనీ ఫ్రెంచి సంస్థలు కొన్ని స్ఫియర్‌ను మొదటి నుంచీ విమర్శించాయి. పదిహేను లీటర్లు కుళాయి దగ్గర కొలిచిన సంఖ్య. ఆ నీరు బిడ్డ నోటికి చేరేసరికి ఎలా ఉందన్నది దానిలో లేదు.

ఈ తేడాను గోమాకు ఏడాది ముందే ఒక చిన్న ప్రయోగం స్పష్టంగా చూపింది. మొజాంబిక్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవారు ఉన్న మలావీలోని న్యామిథుథు శిబిరంలో బావుల నీరు శుభ్రంగానే ఉండేది. అయినా విరేచనాలు ఆగలేదు. 1993లో పరిశోధకులు నీటిని బావి నుంచి గుడిసె దాకా వెంబడించి పరీక్షించారు. బక్కెట్టును చేత్తో కడిగినప్పుడు, చేయి ముంచి నీళ్ళు తీసుకున్నప్పుడు మలంలోని క్రిములు నీటిలోకి చేరుతున్నట్టు తేలింది. అప్పుడు కొన్ని కుటుంబాలను చీటీ వేసినట్టు ఎంపిక చేసి, చేయి పట్టనివ్వని మూత, ఒంపుకోవడానికి కొమ్ము ఉన్న బక్కెట్లు ఇచ్చారు. మిగిలిన కుటుంబాలు పాత బక్కెట్లనే వాడుకున్నాయి. కొత్త బక్కెట్లలోని నీటిలో మల క్రిములు సగటున 69 శాతం తగ్గాయి. ఆ ఇళ్ళలోని అయిదేళ్ళ లోపు పిల్లలలో విరేచనాలు 31 శాతం తగ్గాయి. గణాంక శాస్త్రం కోరే నిశ్చయతకు ఈ రెండవ అంకె కొద్దిగా ఇవతలే ఆగిందన్నది నిజం. అయినా, బావులను లెక్కపెట్టే నివేదిక ఎన్నటికీ చెప్పలేని విషయాన్ని ఆ ప్రయోగం చెప్పింది. తెలుగు ఇళ్ళలో నీళ్ళ కుండలో చేయి పెట్టవద్దని, గరిటెతో ముంచుకోమని పెద్దలు పిల్లలను మందలించడంలో ఉన్న జ్ఞానమూ అదే.

మళ్ళీ బెంగాల్ తీరంలో

2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్ నుంచి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాకు వచ్చారు. 1971లో శరణు కోరి వెళ్ళిన దేశం ఈసారి శరణు ఇచ్చింది. కుతుపాలాంగ్ కొండల మీద నెలల వ్యవధిలో ప్రపంచంలోనే అతిపెద్ద శరణార్థి శిబిరం వెలసింది.

గోమా పాఠాలు ఇక్కడ కొంతవరకు పనిచేశాయి. కలరా వచ్చేదాకా ఆగకుండా, అక్టోబరులోనే నోటి ద్వారా ఇచ్చే టీకాను తొలి విడతలో దాదాపు ఏడు లక్షల మందికి వేశారు. గోమాలో వచ్చినంతటి మహమ్మారి ఇక్కడ రాలేదు. అయితే జరగని మహమ్మారికి ఘనత ఎవరిదని చెప్పడం జరిగిన మహమ్మారికి కారణం చెప్పడం కన్నా కష్టం. టీకాయా, నీరా, ఓ.ఆర్.ఎస్. గురించి ఢాకా కేంద్రం దశాబ్దాలుగా కూడబెట్టిన అనుభవమా? నిజాయితీ గల మూల్యాంకనం వీటిని విడదీయలేకపోతే ఆ మాటే చెబుతుంది.

మరుగుదొడ్ల కథ మరో పాఠం నేర్పింది. మొదటి నెలలలో వేలాది మరుగుదొడ్లు శరవేగంగా లేచాయి. అంకెలు ఆకట్టుకునేలా ఉన్నాయి. వాటిలో చాలా గుంతలు లోతులేనివి, త్వరలోనే నిండిపోయాయి. కొన్ని చేతిపంపులకు మరీ దగ్గరగా కట్టారు. నిటారుగా ఉన్న వాలు మీద, దీపం లేని చోట, లోపలి గడియ లేని తలుపు ఉన్న మరుగుదొడ్డికి రాత్రివేళ స్త్రీలు వెళ్ళలేదు. వెళ్ళవలసిన అవసరం రాకుండా నీళ్ళు తక్కువ తాగినవారున్నారు. ఇరవై మందికి ఒకటి అన్న లెక్కలో ఆ మరుగుదొడ్డి ఉన్నట్టే. ఆమెకు అది లేనట్టే. ఆ తర్వాత సంస్థలు గుంతలను శుభ్రపరచడానికీ, మలినాన్ని శిబిరంలోనే శుద్ధి చేయడానికీ కేంద్రాలు నిర్మించాయి. స్త్రీలను అడిగి స్థలాలను, తలుపులను, దీపాలను మార్చే ప్రయత్నం చేశాయి. అడగడం మొదట్లోనే జరిగి ఉంటే రెండుసార్లు కట్టవలసిన అవసరం ఉండేది కాదు.

లెక్క ఎవరి కోసం

ఈ అర్ధ శతాబ్దపు చరిత్ర మూల్యాంకనం చేసేవారి ముందు కొన్ని ప్రశ్నలను నిలుపుతుంది. ఎంత ఇచ్చామన్నది మొదటి ప్రశ్న. దానిని ఎందరు వాడుకున్నారన్నది రెండవది. వ్యాధి, మరణం తగ్గాయా అన్నది మూడవది. ఆ సహాయం లేకపోయినా అవి తగ్గేవా అన్నది నాలుగవది. సగటు బాగున్నా ఎవరి వాటా తగ్గిందన్నది అయిదవది. మొదటి ప్రశ్నకు సమాధానం కార్యాలయంలోనే దొరుకుతుంది. మిగిలినవాటికి శిబిరంలో నడవాలి, గుడారంలో కూర్చోవాలి, అడగాలి, కొన్నిసార్లు శ్మశానం దగ్గర నిలబడాలి. దాతలు చదివే నివేదికలలో మొదటి ప్రశ్నే ఎక్కువ పుటలను ఆక్రమించడానికి కారణం ఈ శ్రమలోనే ఉంది.

లెక్కించడానికి ఖర్చు చేసే సొమ్ము సహాయం నుంచి తీసినదే కదా అన్న అభ్యంతరం ఎప్పుడూ వినిపిస్తుంది. అందులో కొంత న్యాయం ఉంది. శవాలు లేస్తున్న చోట ప్రశ్నావళులు పట్టుకు తిరగడం కంటే ఒక బక్కెట్టు నీరు మోయడం మేలనిపించడం సహజం. కాని గోమాలో నీరు మోసినవారి నిబద్ధత తక్కువది కాదు. ద్రావణం నెమ్మదిగా ఇస్తున్నామన్న సంగతి వారికి తెలియలేదు. తెలియజేసే లెక్క ఆ సమయానికి వారి ముందు లేదు. మహమ్మారి ముగిశాక ‘లాన్సెట్’ పుటలకు ఎక్కిన ఆ లెక్క, తొలి వారంలోనే చికిత్సా కేంద్రపు గోడ మీద కనిపించి ఉండవలసింది.

బనగావ్‌లో పరిస్థితి గోమాకన్నా సుఖమైనదేమీ కాదు. సెలైన్ లేదు, మనుషులు లేరు, వాన ఆగలేదు. అయినా ఎనిమిది వారాలలో ఎందరు వచ్చారో, ఎందరు పోయారో చెప్పగలిగే లెక్కను ఆ బృందం నిలబెట్టుకుంది. ఆ లెక్క లేకపోతే ఉప్పు, గ్లూకోజు కలిపిన నీరు ఒక వైద్యుడు కష్టకాలంలో వాడిన చిట్కాగానే మిగిలిపోయి ఉండేది. లెక్క ఉంది గనుక, ఆ చిట్కా ప్రపంచంలోని ప్రతి మందుల దుకాణానికీ చేరింది.